సర్వర్ బేస్‌లైన్ చెక్: మొదటి స్కాన్ నుంచి ఎక్సెప్షన్ లిస్ట్ దాకా

కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ చేశాం, ప్యాచ్‌లు వేశాం, ఫైర్‌వాల్ ఆన్ చేశాం, ఇక సేఫే అనుకుంటాం కదా. "సేఫ్ అని దేంతో పోల్చి చెప్తున్నావ్" అని ఎవరైనా అడిగితే మాత్రం నోట మాట రాదు. అలా పోల్చడానికి పెట్టుకున్న కొలబద్దే బేస్‌లైన్. ఫలానా సెట్టింగ్ ఫలానా విలువలో ఉండాలి, ఫలానా ఫైల్‌కి ఫలానా పర్మిషనే ఉండాలి, ఫలానా సర్వీస్ అసలు ఉండకూడదు అని వందల రూల్స్ ఉన్న లిస్ట్ అన్నమాట. వల్నరబిలిటీ స్కాన్‌తో దీన్ని కలపొద్దు, అది మీ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వెర్షన్ పాతదా అని చూస్తుంది, ఇదేమో వెర్షన్ లేటెస్టే అయినా రూట్‌తో డైరెక్ట్‌గా లాగిన్ అవ్వనిస్తోందా అని చూస్తుంది. రెండూ కావాలి.

స్కాన్ రన్ చెయ్యడం పది నిమిషాల పని. ఆ తర్వాత వచ్చే ఫెయిల్స్‌లో ఏది ఫిక్స్ చెయ్యాలి, ఏది వదిలెయ్యాలి, ఏది అసలు టూల్ చేసిన పొరపాటు అని తేల్చడంలోనే వారాలు పోతాయ్. అందుకే ఇక్కడ స్కాన్ గురించి తక్కువ, దాని తర్వాత సంగతి ఎక్కువ రాస్తున్నా. ఎక్కువగా లినక్సే, విండోస్ చివర్లో కొంచెం. కమాండ్లు పలికే తీరులో రాశా, టెర్మినల్లో మీరు మామూలుగా టైప్ చేసుకోండి.

స్టెప్ 1: సర్వర్ ఏం పని చేస్తోందో ముందు రాసుకోండి

ఇది బోరింగ్ స్టెప్, అందరూ దాటేస్తారు, తర్వాత అందరూ ఇక్కడికే తిరిగొస్తారు. ఒక షీట్ తీసుకుని ప్రతి సర్వర్‌కి ఓఎస్ ఏంటి, వెర్షన్ ఎంత, దాని మీద ఏం నడుస్తోంది, కంటైనర్లు ఉన్నాయా, ఎవరు ఓనర్, ఆగిపోతే ఎవరికి నొప్పి, ఇంతే రాయండి. ఓనర్ కాలమ్ ఖాళీగా మిగిలిన సర్వర్ ఉంటే దాన్ని ముందు చూడండి, ఎవరూ పట్టించుకోని మెషీన్ మీదే పాత అకౌంట్లు, ఎప్పుడో ఓపెన్ చేసి మర్చిపోయిన పోర్టులు దొరుకుతాయ్. కంటైనర్ల కాలమ్ ఎందుకో స్టెప్ 8లో తెలుస్తుంది.

స్టెప్ 2: ఏ బేస్‌లైన్ పట్టుకోవాలి

జనం ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి సీఐఎస్ బెంచ్‌మార్క్స్, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ అని 2000లో మొదలైన నాన్ ప్రాఫిట్ సంస్థ ఇస్తుంది, పీడీఎఫ్‌లు రిజిస్టర్ చేసుకుంటే నాన్ కమర్షియల్ వాడకానికి ఫ్రీ. రెండోది స్టిగ్, అమెరికా డిఫెన్స్ శాఖలోని డీసా తయారు చేసేది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, చాలా స్ట్రిక్ట్‌గా ఉంటుంది. స్టిగ్‌లో ఒక్కో రూల్‌కి క్యాట్ వన్, క్యాట్ టూ, క్యాట్ త్రీ అని తీవ్రత ఉంటుంది, క్యాట్ వన్ అంటే అన్నిటికన్నా డేంజర్. సీఐఎస్‌లో అలా తీవ్రత ఉండదు, లెవెల్ 1, లెవెల్ 2 అని ప్రొఫైల్స్ ఉంటాయ్. లెవెల్ 1 అంటే మామూలు సర్వర్ మీద పెద్దగా ఏదీ విరక్కుండా పెట్టుకోగలిగేవి, లెవెల్ 2 అంటే సెక్యూరిటీ కోసం కొంత ఇబ్బంది పడటానికి ఒప్పుకున్న వాళ్లకి.

మీ మీద రూల్ ఏమైనా ఉందా ముందు చూస్కోండి. కార్డ్ డేటా పట్టుకునే సిస్టమ్ అయితే పీసీఐ డీఎస్‌ఎస్ (కార్డ్ డేటా భద్రతకి పెట్టిన స్టాండర్డ్) లో 2.2 కింద కాన్ఫిగరేషన్ స్టాండర్డ్స్ ఉండాలని రాసుంది, ఏది వాడాలో ఎంపిక మీదే. డిఫెన్స్ కాంట్రాక్ట్ అయితే స్టిగ్ తప్పదు. ఏ బలవంతమూ లేకపోతే సీఐఎస్ లెవెల్ 1 సర్వర్ ప్రొఫైల్‌తో మొదలుపెట్టండి, లెవెల్ 2 మీద మోజు పడకండి, లెవెల్ 1 అంతా క్లీన్ అయ్యాక అందులోంచి పనికొచ్చేవి ఒక్కోటి తెచ్చుకోవచ్చు.

ఇంకో సంగతి, బేస్‌లైన్లు వాటిలో అవే ఒప్పుకోవు. పాస్‌వర్డ్ ఎక్స్‌పైరీ చూడండి, నిస్ట్ (అమెరికా ప్రభుత్వ స్టాండర్డ్స్ సంస్థ) 2017లోనే రోజులు లెక్కపెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దంది, మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10 వెర్షన్ 1903 బేస్‌లైన్‌లోంచి ఆ సెట్టింగ్ తీసేసింది, సీఐఎస్ లినక్స్ బెంచ్‌మార్క్‌లు మాత్రం 365 రోజులు లేదా తక్కువ పెట్టమంటూ వచ్చాయ్. అందుకని బేస్‌లైన్‌ని వేదంలా చూడకండి. పీడీఎఫ్‌లో ప్రతి రూల్ కింద రేషనేల్ అని, చాలా వాటికి ఇంపాక్ట్ అని కూడా ఉంటుంది, ఆ పేరాలు చదవకుండా ఆడిట్ కమాండ్ కాపీ చేసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

స్టెప్ 3: టూల్ పెట్టుకోవడం

రెడ్ హ్యాట్ కుటుంబం అయితే ఓపెన్‌స్క్యాప్ చాలు. డీఎన్‌ఎఫ్‌తో ఓపెన్‌స్క్యాప్-స్కానర్, స్క్యాప్-సెక్యూరిటీ-గైడ్ అనే రెండు ప్యాకేజీలు వేస్తే అయిపోతుంది. మొదటిది ఇంజన్, రెండోది రూల్స్. రూల్స్ ఫైళ్లు /యూఎస్‌ఆర్/షేర్/ఎక్స్‌ఎంఎల్/స్క్యాప్/ఎస్‌ఎస్‌జీ/కంటెంట్ ఫోల్డర్లో డేటాస్ట్రీమ్ పేరుతో ఉంటాయ్. ఈ రూల్స్ రాసేది కంప్లయన్స్ యాజ్ కోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, డిస్ట్రోతో వచ్చిన ప్యాకేజీ పాతబడితే ఆ ప్రాజెక్ట్ రిలీజ్ జిప్ దించుకుని అందులోని డేటాస్ట్రీమ్ వాడొచ్చు.

ఉబుంటు అయితే ఉబుంటు ప్రో కింద యూఎస్‌జీ అనే టూల్ ఉంది, పర్సనల్ వాడకానికి 5 మెషీన్ల దాకా ఫ్రీ. ప్రో ఎనేబుల్ యూఎస్‌జీ అని, ప్యాకేజీ వేసి, యూఎస్‌జీ ఆడిట్ తర్వాత ప్రొఫైల్ పేరు ఇస్తే సరిపోతుంది. సీఐఎస్ వాళ్ల సొంత టూల్ సీఐఎస్-క్యాట్, లైట్ వెర్షన్ ఫ్రీ కానీ కొన్ని బెంచ్‌మార్క్‌లకే, ప్రో అయితే మెంబర్‌షిప్ కావాలి.

లినిస్ కూడా మంచిదే, ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా ఫోల్డర్ విప్పేసి లినిస్ ఆడిట్ సిస్టమ్ అంటే చాలు. కానీ అది చూపించే హార్డెనింగ్ ఇండెక్స్ సీఐఎస్ స్కోర్ కాదు, దాని లెక్క దానిదే. ఆ నెంబర్ తీసుకెళ్లి ఆడిటర్‌కి సీఐఎస్ పర్సంటేజ్ అని చూపించిన వాళ్లని చూశాను, ఆ మీటింగ్ తొందరగా అయిపోయింది.

స్టెప్ 4: మొదటి స్కాన్

ముందు ఓస్క్యాప్ (ఓపెన్‌స్క్యాప్ కమాండ్ పేరు ఇదే) ఇన్ఫో అని డేటాస్ట్రీమ్ ఫైల్ పాత్ ఇవ్వండి, అందులో ఏ ప్రొఫైల్స్ ఉన్నాయో లిస్ట్ వస్తుంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. రెడ్ హ్యాట్ ఫైల్లో సీఐఎస్ అని పొట్టిగా ముగిసే ప్రొఫైల్ ఐడీ చూసి అదే మామూలుది అనుకుంటాం, అది లెవెల్ 2 సర్వర్. లెవెల్ 1 కావాలంటే సీఐఎస్_సర్వర్_ఎల్1 అని ముగిసేది తీసుకోవాలి. వర్క్‌స్టేషన్ ప్రొఫైల్స్ వేరే ఉంటాయ్, వాటిని సర్వర్ మీద రన్ చెయ్యకండి.

తర్వాత సుడో పెట్టి ఓస్క్యాప్ ఎక్స్‌సీసీడీఎఫ్ ఇవాల్, రెండు హైఫన్లతో ప్రొఫైల్ అని ఐడీ, అలాగే రిజల్ట్స్ అని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పేరు, రిపోర్ట్ అని ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ పేరు, చివర్లో డేటాస్ట్రీమ్ పాత్. సుడో మర్చిపోతే షాడో ఫైల్ లాంటివి చదవలేక చాలా రూల్స్ ఎర్రర్, అన్‌నోన్ అని వస్తాయ్, ఆ రిపోర్ట్ చెత్తబుట్టలోకే. రిపోర్ట్ ఒక్కటే కాదు రిజల్ట్స్ ఎక్స్‌ఎంఎల్ కూడా తప్పకుండా దాచండి, తర్వాత పోల్చడానికి అదే పనికొస్తుంది. ఫైల్ పేర్లో సర్వర్ పేరు, తేదీ, రూల్స్ ప్యాకేజీ వెర్షన్ మూడూ పెట్టండి.

స్క్రిప్ట్‌లో పెట్టేవాళ్లకి ఒక మాట, ఓస్క్యాప్ ఎగ్జిట్ కోడ్ 0 అంటే అన్నీ పాస్, 1 అంటే స్కానే పాడైంది, 2 అంటే స్కాన్ బాగానే అయింది కానీ కనీసం ఒక రూల్ ఫెయిలో అన్‌నోనో అయింది. జీరో కాకపోతే ఆపెయ్ అని పెట్టిన పైప్‌లైన్ 2 చూసి ప్రతిసారీ ఎర్రగా అయిపోతుంది, 1 కీ 2 కీ తేడా చూసేలా రాసుకోండి.

స్టెప్ 5: రిపోర్ట్ ఎలా చదవాలి

పైన పెద్దగా కనిపించే స్కోర్‌ని పట్టించుకోకండి. అది పాస్ అయినవి భాగించు మొత్తం రూల్స్ కాదు, డిఫాల్ట్ లెక్కలో గ్రూపుల వారీగా సగటు కడుతుంది, అందుకే రెండే రూల్స్ ఉన్న చిన్న గ్రూప్‌లో ఒకటి ఫెయిల్ అయితే పెద్ద గ్రూప్‌లో ఒకటి ఫెయిల్ అయినదానికన్నా ఎక్కువ లాగేస్తుంది.

పాస్, ఫెయిల్ అందరికీ తెలుసు, మిగతా మాటల దగ్గరే తికమక. నాట్ అప్లికబుల్ అంటే ఈ మెషీన్‌కి ఆ రూల్ వర్తించదని. మొత్తం రిపోర్టే నాట్ అప్లికబుల్‌తో నిండిపోతే సర్వర్ గొప్పగా ఉందని కాదు, వేరే ఓఎస్ వెర్షన్ డేటాస్ట్రీమ్ ఇచ్చారని అర్థం. రెడ్ హ్యాట్ 9 మీద రెడ్ హ్యాట్ 8 ఫైల్ రన్ చేస్తే ఇలాగే అవుతుంది, ఫెయిల్ ఒక్కటీ లేదు చూడు అని సంబరపడితే అంతే సంగతులు. నాట్ చెక్డ్ అంటే టూల్ దగ్గర ఆటోమేటిక్ చెక్ లేదు, మనిషి చూడాలి. సీఐఎస్ పీడీఎఫ్‌లో మాన్యువల్ అని ఉండేవి ఇవే, ఉదాహరణకి ఓపెన్‌గా ఉన్న పోర్టులన్నీ నిజంగా అవసరమైనవేనా అనేది ఏ స్క్రిప్టూ చెప్పలేదు. అందరూ వదిలేసేవీ ఇవే, కాబట్టి వీటికి విడిగా ఒక లిస్ట్ పెట్టుకోండి.

స్టెప్ 6: ఫైల్లో ఉన్నది వేరు, నడుస్తున్నది వేరు

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే స్టెప్ ఇదే. కాన్ఫిగ్ ఫైల్లో ఏం రాసుందో చూసి టిక్ పెట్టేస్తాం, సర్వర్ మాత్రం వేరే విలువతో నడుస్తుంటుంది. మూడు చోట్ల దగ్గరగా చూద్దాం.

మొదటిది ఎస్‌ఎస్‌హెచ్. ఒక క్లౌడ్ మెషీన్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపాలని /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ తెరిచి పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో అని రాసి సర్వీస్ రీస్టార్ట్ చేశాను. గ్రెప్ కొడితే నో అనే చూపిస్తోంది. వేరే మెషీన్ నుంచి ట్రై చేస్తే చక్కగా పాస్‌వర్డ్ అడుగుతోంది! ఇంటికి తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినట్టు. సంగతేంటంటే ఆ ఫైల్ పైభాగంలోనే ఇన్‌క్లూడ్ లైన్ ఉంది, అది ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్లోని ఫైళ్లని ముందు చదువుతుంది, అందులో 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అనే ఫైల్ యస్ అని చెప్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒకే సెట్టింగ్ రెండుసార్లు వస్తే మొదట కనపడిందే చెల్లుతుంది, చివర రాసింది గెలుస్తుందని మనం అలవాటుగా అనుకుంటాం, ఇక్కడ రివర్స్. అందుకని అదే ఫోల్డర్లో 00తో మొదలయ్యే పేరుతో మీ ఫైల్ పెట్టుకోండి, అది ముందు చదవబడుతుంది.

చెక్ చెయ్యాల్సిన పద్ధతి ఏంటంటే, సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ తర్వాత హైఫన్ పెట్టి పెద్ద అక్షరం టీ. అన్ని ఫైళ్లూ కలిపాక చివరికి ఏ విలువ మిగిలిందో చూపిస్తుంది. మ్యాచ్ బ్లాకులు ఉంటే హైఫన్ పెద్ద అక్షరం సీ కూడా ఇచ్చి యూజర్, హోస్ట్, అడ్రస్ చెప్పి అడగండి, లేకపోతే ఫలానా గ్రూప్‌కి మాత్రం పాస్‌వర్డ్ ఓకే అని ఎవరో రాసిన బ్లాక్ మీకు కనపడదు. అయితే ఇది డిస్క్ మీదున్న ఫైళ్లు చదివే చెప్తుంది, సర్వీస్ రీలోడ్ కాకపోతే నడుస్తున్న డీమన్ పాత విలువతోనే ఉంటుంది. చివరగా బయట నుంచి నిజంగా లాగిన్ ట్రై చేసి చూడాల్సిందే.

రెండోది సిస్‌సీటీఎల్, అంటే కెర్నెల్ సెట్టింగ్‌లు. ఇక్కడ కూడా రెండు నిజాలు ఉంటాయ్, ఇప్పుడు కెర్నెల్‌లో ఉన్నది ఒకటి, రీబూట్ అయ్యాక వచ్చేది ఒకటి. ఎవరో చేత్తో మార్చి ఫైల్లో రాయకపోతే ఈరోజు పాస్, రీబూట్ తర్వాత ఫెయిల్. రెండూ చూడాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్ వాడుతుంటే దానికి /ఈటీసీ/యూఎఫ్‌డబ్ల్యూ కింద సొంత సిస్‌సీటీఎల్ ఫైల్ ఉంటుంది, మీరు సిస్‌సీటీఎల్.డీ లో రాసుకున్నదాన్ని అది మళ్లీ మార్చేయొచ్చు, వెతికి వెతికి చివరికి అక్కడ దొరుకుతుంది.

మూడోది పాస్‌వర్డ్ వయసు, కాస్త తమాషాగా ఉంటుంది. లాగిన్.డెఫ్స్ ఫైల్లో పాస్_మ్యాక్స్_డేస్ 365 అని పెట్టేసి పనైపోయింది అనుకుంటాం, కానీ ఆ విలువ ఆ తర్వాత కొత్తగా క్రియేట్ చేసే యూజర్లకే, పాతవాళ్లకి షాడో ఫైల్లో ఐదో ఫీల్డ్‌లో ఏముందో అదే. సరే పాతవాళ్లకి కూడా చేజ్ కమాండ్‌తో 365 పెట్టేద్దాం అని లూప్ రాసి వదిలామనుకోండి, పాస్‌వర్డ్ మార్చి రెండేళ్లయిన సర్వీస్ అకౌంట్ ఆ క్షణంలోనే ఎక్స్‌పైర్ అయిపోతుంది. దానికింద నడిచే క్రాన్ జాబ్‌లు ఆగిపోతాయ్, ఎర్రర్ ఏమో లాగ్‌లో మూలన ఎక్కడో పడుంటుంది. ముందు చేజ్ హైఫన్ ఎల్‌తో ఒక్కో అకౌంట్ చివరి మార్పు తేదీ చూడండి, పాస్‌వర్డ్ అవసరమే లేని సర్వీస్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ లాక్ చేసి పెట్టండి, మనుషుల అకౌంట్లకి ముందే చెప్పి మార్పించి అప్పుడు లిమిట్ పెట్టండి.

స్టెప్ 7: ఫెయిల్స్‌ని విడగొట్టడం

వంద ఫెయిల్స్‌ని పై నుంచి కిందకి వరసగా ఫిక్స్ చేసుకుంటూ పోవద్దు. నేను మూడు కుప్పలు పెడతా. మొదటి కుప్పలో బయట నుంచి లోపలికి రావడానికి దారి ఇచ్చేవి, అంటే రూట్ ఎస్‌ఎస్‌హెచ్, ఖాళీ పాస్‌వర్డ్‌లు, అక్కర్లేని సర్వీసులు వింటున్న పోర్టులు, ఫైర్‌వాల్ డిఫాల్ట్‌గా అన్నీ అనుమతించడం, రూట్ కాకుండా ఇంకో అకౌంట్‌కి యూఐడీ 0 (అంటే రూట్ హక్కులే) ఉండటం. ఇవి ఈ వారమే. రెండో కుప్పలో లోపలికి వచ్చినవాడు ఏం చేశాడో తెలియడానికి కావాల్సినవి, ఆడిట్‌డీ (సిస్టమ్‌లో జరిగేవి రికార్డ్ చేసే సర్వీస్), లాగ్‌లు బయటి సర్వర్‌కి పంపడం, టైమ్ సింక్. టైమ్ సింక్‌ని చిన్నచూపు చూస్తారు, రెండు సర్వర్ల గడియారాలు పదినిమిషాలు తేడా ఉంటే ఏది ముందు జరిగిందో లాగ్‌లు కలిపి చెప్పలేరు. మూడో కుప్పలో మిగతావి, బ్యానర్ టెక్స్ట్, వాడని ఫైల్‌సిస్టమ్ మాడ్యూళ్లు, ఇలాంటివి.

విడి పార్టిషన్ల రూల్స్ గురించి విడిగా చెప్పాలి. /వార్/లాగ్, /హోమ్ లాంటివి విడి పార్టిషన్లుగా ఉండాలి అనే రూల్ నడుస్తున్న సర్వర్ మీద ఫెయిల్ అయితే దానికోసం డిస్క్ కోసి కుట్టే సాహసం చెయ్యకండి. కొత్త ఇమేజ్‌లో పెట్టండి, పాత సర్వర్ రిటైర్ అయ్యేదాకా ఎక్సెప్షన్ రాసుకోండి.

స్టెప్ 8: ఫిక్స్ చెయ్యడం, విరగ్గొట్టకుండా

ఓస్క్యాప్‌కి రెమిడియేట్ అనే ఆప్షన్ ఉంది, స్కాన్ చేస్తూనే ఫిక్స్ చేసేస్తుంది. ప్రొడక్షన్‌లో దాన్ని ముట్టుకోకండి, వెనక్కి తీసుకునే బటన్ దానికి లేదు. ఒకసారి నేను టెస్ట్ సర్వర్ కదా అని కొట్టేశాను, అది గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నిటినీ తొక్కుకుంటూ పోయింది, అందులో ఐపీ ఫార్వర్డింగ్ 0 (ఒక నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని ఇంకోదానికి పంపడం ఆపెయ్యడం) కూడా ఒకటి. ఆ మెషీన్ మీద డాకర్ ఉందన్న సంగతి నాకు తెలియదు, స్టెప్ 1 షీట్ అప్పటికి లేదు మరి. డాకర్‌కి, కుబెర్నెటీస్‌కి ఆ సెట్టింగ్ 1 ఉండాలి, లేకపోతే కంటైనర్ల ట్రాఫిక్ బయటకి పోదు. టెస్ట్ సర్వర్ అనుకున్నదాని మీద వేరే టీమ్ బిల్డ్‌లు నడుస్తున్నాయని వాళ్ల ఫోన్ వచ్చాకే తెలిసింది.

దానికి బదులు ఓస్క్యాప్ ఎక్స్‌సీసీడీఎఫ్ జెనరేట్ ఫిక్స్ వాడి ఫిక్స్ టైప్ ఆన్సిబుల్ లేదా బ్యాష్ అని ఇవ్వండి. స్క్రిప్ట్ ఫైల్‌గా వస్తుంది, చదవొచ్చు, అక్కర్లేనివి తీసెయ్యొచ్చు, గిట్‌లో పెట్టొచ్చు. ఐదారు రూల్స్ చొప్పున చిన్న చిన్న బ్యాచ్‌లుగా టెస్ట్ మెషీన్ మీద వేసి, రీబూట్ చేసి, అప్లికేషన్ టీమ్‌తో చెక్ చేయించి, మళ్లీ స్కాన్ చేసి అప్పుడు ముందుకి. రీబూట్ తప్పనిసరి, సగం గోలలు రీబూట్ తర్వాతే బయటపడతాయ్.

ఎస్‌ఎస్‌హెచ్, పామ్ (లాగిన్ చెకింగ్ చేసే భాగం), సుడో, ఫైర్‌వాల్ ముట్టుకునేటప్పుడు ఇంకో రూట్ సెషన్ తెరిచే ఉంచండి, కన్సోల్ యాక్సెస్ పనిచేస్తోందా ముందే చూస్కోండి. లాక్ అయిపోయాక కన్సోల్ పాస్‌వర్డ్ కోసం వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పామ్ ఫైళ్లు రెడ్ హ్యాట్‌లో చేత్తో ఎడిట్ చెయ్యకండి, ఆథ్‌సెలెక్ట్ ద్వారా చెయ్యండి, లేకపోతే తర్వాత ఎవరైనా ఆథ్‌సెలెక్ట్ రన్ చేసినప్పుడు మీ మార్పులు కొట్టుకుపోతాయ్.

ముందే తెలిసుండాల్సిన మందుపాతరలు ఇంకొన్ని. ఉబుంటులో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ ఆపేస్తే స్నాప్ ప్యాకేజీలు మౌంట్ కావు. /టీఎంపీ కి నోఎగ్జిక్ పెడితే అక్కడ ఫైల్ విప్పి అక్కడి నుంచే రన్ చేసే ఇన్‌స్టాలర్లు, కొన్ని జావా అప్లికేషన్లు పడిపోతాయ్, అప్లికేషన్‌కి వేరే టెంప్ ఫోల్డర్ చూపించాలి. అన్నిటికన్నా పెద్దది ఆడిట్‌డీ. లెవెల్ 2లో పాత లాగ్‌లు చెరపొద్దు, డిస్క్ నిండితే సిస్టమ్‌ని హాల్ట్ చెయ్యి లేదా సింగిల్ యూజర్ మోడ్‌కి దించు అని రూల్స్ ఉన్నాయ్. లాగ్ పోయినా పర్లేదు సర్వర్ నడవాలి అనుకునే చోట దాన్ని గుడ్డిగా పెడితే ఏదో ఒక అర్ధరాత్రి ఆడిట్ పార్టిషన్ నిండి సర్వర్ తనంతట తానే పడుకుంటుంది. పెట్టాలనుకుంటే ముందు లాగ్‌లు బయటకి పంపే ఏర్పాటు, డిస్క్ అలర్ట్, తగినంత సైజు ఉన్న పార్టిషన్, ఈ మూడూ ఉండాలి. ఆడిట్ రూల్స్ చివర హైఫన్ ఈ 2 లైన్ కూడా ఉంటుంది, అది పడ్డాక రీబూట్ చేస్తే తప్ప ఆడిట్ రూల్స్ మార్చలేరు, కాబట్టి రూల్స్ అన్నీ సరిపోయాయి అని తేలాకే ఆ లైన్.

స్టెప్ 9: ఎక్సెప్షన్లు

100 శాతం ఎవరికీ రాదు, వచ్చిందంటే నాకు అనుమానం వస్తుంది. ఫిక్స్ చెయ్యలేనిది ఉంటే రాసుకోవాలి. రూల్ ఐడీ, ఏ సర్వర్లు, ఎందుకు కుదరదు, దానికి బదులు ఏం పెట్టాం, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పటిదాకా, ఇన్ని ఉండాలి. "అప్లికేషన్ అవసరం" అని ఒక్క ముక్క రాసేది ఎక్సెప్షన్ కాదు. ఇలా రాయండి: "ఐపీ ఫార్వర్డింగ్ 1 ఉంది, ఈ నోడ్ మీద కంటైనర్లు నడుస్తున్నాయి, ఫార్వర్డ్ చెయిన్ డిఫాల్ట్ డ్రాప్ పెట్టి ఫలానా నెట్‌వర్క్‌లకే అనుమతించాం, ప్లాట్‌ఫామ్ టీమ్ లీడ్ ఒప్పుకున్నారు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తాం." గడువు తేదీ లేని ఎక్సెప్షన్ ఎప్పటికీ పోదు.

తర్వాత దాన్ని టైలరింగ్ ఫైల్‌లో పెట్టండి. అసలు ప్రొఫైల్‌ని ముట్టుకోకుండా ఫలానా రూల్స్ తీసెయ్, ఫలానా విలువ మార్చు అని చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ అది, ఆటోటైలర్ కమాండ్‌తోనో స్క్యాప్ వర్క్‌బెంచ్‌తోనో తయారవుతుంది. సర్వర్ రకానికి ఒకటి చాలు, ఒక్కో సర్వర్‌కి ఒకటి మొదలుపెడితే మీకే అర్థం కాకుండా పోతుంది. నెలకోసారైనా టైలరింగ్ లేకుండా పూర్తి ప్రొఫైల్‌తో ఒక స్కాన్ తియ్యండి, లేకపోతే తీసేసిన రూల్స్ ఉన్నాయన్న సంగతే మర్చిపోతాం.

విండోస్ సర్వర్ అయితే

మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ కంప్లయన్స్ టూల్‌కిట్ దించుకోండి, అందులో బేస్‌లైన్లు, పాలసీ అనలైజర్, ఎల్‌జీపీఓ అనే టూల్ ఉంటాయ్. పాలసీ అనలైజర్‌లో బేస్‌లైన్ లోడ్ చేసి మెషీన్ ప్రస్తుత స్థితితో కంపేర్ చేస్తే తేడాలు పసుపు రంగులో కనిపిస్తాయ్. డొమైన్ కంట్రోలర్‌కి, మెంబర్ సర్వర్‌కి బేస్‌లైన్లు వేరు, తారుమారు చెయ్యకండి. లోకల్‌గా ఫిక్స్ చేసినది కాసేపటికి మళ్లీ పాత విలువకి వచ్చేస్తుంటే డొమైన్ జీపీఓ (గ్రూప్ పాలసీ) ఏదో దాన్ని తిరగరాస్తోందని అర్థం, జీపీరిజల్ట్ హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్ తీస్తే ఏ జీపీఓ గెలిచిందో ఉంటుంది. ఆడిట్ పాలసీ సంగతి జీపీరిజల్ట్‌ని నమ్మకుండా ఆడిట్‌పోల్ కమాండ్‌తో నేరుగా చూడండి. ఎన్‌టీఎల్‌ఎం (పాత లాగిన్ పద్ధతి), ఎస్‌ఎంబీ (ఫైల్ షేరింగ్) సైనింగ్ బిగించేటప్పుడు పాత ప్రింటర్లు, స్కానర్లు గుర్తు పెట్టుకోండి, ముందు అరిచేవి అవే.

కంటైనర్ల విషయంలో డాకర్ హోస్ట్‌కి డాకర్ బెంచ్ ఫర్ సెక్యూరిటీ స్క్రిప్ట్, కుబెర్నెటీస్‌కి కుబే-బెంచ్ ఉన్నాయ్. క్లౌడ్ వాళ్లు మేనేజ్ చేసే క్లస్టర్‌లో కంట్రోల్ ప్లేన్ మీ చేతిలో ఉండదు కాబట్టి వర్కర్ నోడ్ చెక్స్ వరకే చూస్కోండి.

స్టెప్ 10: మళ్లీ మళ్లీ చెయ్యడం

ఈరోజు క్లీన్‌గా ఉన్న సర్వర్ మూడు నెలల తర్వాత అలాగే ఉండదు, అర్ధరాత్రి ఇష్యూలో ఎవరో ఫైర్‌వాల్ "కాసేపు" ఆపుతారు, ఆ కాసేపు ఏడాది అవుతుంది. వారానికోసారి సిస్టమ్‌డీ టైమర్ మీద స్కాన్ పెట్టి, రిజల్ట్స్ ఎక్స్‌ఎంఎల్‌లోంచి ఫెయిల్ అయిన రూల్ ఐడీలు లాగి సార్ట్ చేసి పోయినవారం ఫైల్‌తో పోల్చండి. మొత్తం రిపోర్ట్ ఎవరూ చదవరు, కొత్తగా ఫెయిల్ అయినవి మాత్రమే మెయిల్‌లో వస్తే చదువుతారు. సర్వర్లు ఎక్కువైతే వాజూ లాంటిది పెట్టుకోవచ్చు, దాని ఏజెంట్ సీఐఎస్ ఆధారంగా రాసిన పాలసీలతో చెక్ చేసి ఒకేచోట చూపిస్తుంది.

ఒక్కోసారి సర్వర్ మీద ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఇరవై కొత్త ఫెయిల్స్ వస్తాయ్. కంగారు పడకుండా స్క్యాప్-సెక్యూరిటీ-గైడ్ ప్యాకేజీ అప్‌డేట్ అయిందా చూడండి, రూల్స్ మారితే రిజల్ట్ మారుతుంది, ఫైల్ పేర్లో వెర్షన్ పెట్టమంది ఇందుకే. అలా అప్‌డేట్ అయిన వారం పాత రూల్స్‌తో ఒకటి, కొత్త రూల్స్‌తో ఒకటి రెండు స్కాన్‌లు తీసి, కొత్తదాన్ని ఇకమీద పోల్చడానికి మొదటి ఫైల్‌గా పెట్టుకోండి.

ఈ రిపోర్ట్‌లు ఎక్కడ దాస్తున్నారో కూడా చూస్కోండి. ఏ సర్వర్‌లో ఏ తలుపు తెరిచి ఉందో వరసగా రాసి పెట్టిన కాగితం అది, అందరూ చూడగలిగే షేర్‌లోనో వెబ్ సర్వర్ ఫోల్డర్లోనో పడేసి ఉంటే దొంగకి తాళాల గుత్తి చేతిలో పెట్టినట్టే. పర్మిషన్ 600, ఫోల్డర్‌కి 700, సెంట్రల్‌గా కాపీ అయ్యాక సర్వర్ మీద పాతవి తీసెయ్యండి.